గాలిలో మాట.. చిట్టాలో పద్దు

హామ్‌ రేడియో సంభాషణలను కంప్యూటరులో నమోదు చేసే తీరు
తుపానుల తీరానికి ఆ నమోదే కీలకం

బోగోలు: తుపాను తీరం తాకిన రాత్రి మొదట పోయేది కరెంటు. ఆ వెనుక సెల్‌ టవర్ల బ్యాటరీలు ఒక్కొక్కటిగా అడుగంటుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంతటి మహానగరంలోనే ఫోన్లు మూగబోయాయి. అటువంటి వేళ కారు బ్యాటరీ, రెండు స్తంభాల నడుమ కట్టిన రాగితీగ, చిన్న రేడియో పెట్టె ఉంటే చాలు, వందల కిలోమీటర్ల దూరానికి మాట పంపగలవారు హామ్‌ రేడియో ఔత్సాహికులు. అయితే మాట చేరడంతోనే పని పూర్తి కాదు. ఏ వేళ, ఎవరు, ఎవరికి, ఏమి చెప్పారన్నది రాతలో నిలవకపోతే ఆ మాటకు తరువాత సాక్ష్యం ఉండదు. ఆ రాతనే లాగ్‌ అంటారు. మన వాడుకలో చెప్పాలంటే చిట్టా. ఒకప్పుడు బైండు పుస్తకంలో సాగిన ఈ రాత నేడు ఎక్కువగా కంప్యూటరు ప్రోగ్రాముల్లోకి మారింది. ఆ ప్రోగ్రాములు ఏమి చేస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి అన్నది తీరప్రాంతపు యువత తెలుసుకోదగిన విషయం.

తుపానుల దారిలో మండలం

బోగోలు మండలానికి గాలివానలు కొత్త కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట పరిసరాల్లో తీరం దాటిన తుపాను జిల్లాను అతలాకుతలం చేసింది. 1989 నవంబరు 8, 9 తేదీల నడుమ వచ్చిన పెనుతుపాను పొరుగునే ఉన్న కావలి దగ్గర తీరం దాటింది. థాయిలాండ్‌ సింధుశాఖలో పుట్టి, మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతం పొడవునా బలం పుంజుకొని వచ్చిన ఆ తుపానుకు అంతర్జాతీయంగా గే అని పేరు. ఇక్కడివారికి అది కావలి తుపాను. 2004 డిసెంబరు 26 నాటి సునామీ జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలకు సముద్రపు మరో ముఖాన్ని చూపింది. 2023 డిసెంబరులో మిచాంగ్‌ తుపాను నెల్లూరు తీరం వెంబడి పైకి సాగి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేవరకు జిల్లాలో కుండపోత కురిసింది.

ఇక్కడి నుంచి నెల్లూరు సుమారు 40 కిలోమీటర్లు. హైదరాబాదు తిన్నగా గీత గీస్తే 330 కిలోమీటర్ల పైచిలుకు. మొదటి దూరానికి 144 నుంచి 146 మెగాహెర్ట్జ్‌ నడుమ పనిచేసే రేడియోలు, ఎత్తైన ఏరియల్‌ ఉంటే సరిపోతాయి. రెండవ దూరానికి పగటివేళ 7 మెగాహెర్ట్జ్‌ బ్యాండు అనువైనది. ఆకాశంలోని అయాన్‌ పొరను తాకి కిందికి దిగే ఆ తరంగాలకు నడుమ టవర్లు అక్కరలేదు, ఉపగ్రహమూ అక్కరలేదు.

పోర్టుబ్లెయిర్‌ చెప్పిన పాఠం

చిట్టా విలువ తెలియడానికి తెలుగువారికి దూరం వెళ్లనక్కరలేని ఉదాహరణ ఒకటున్నది. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్‌ రేడియో సంస్థ 2004 డిసెంబరులో ఒక బృందాన్ని అండమాన్‌కు పంపింది. నాయకురాలు భారతీ ప్రసాద్‌. ఆమె సొంత కాల్‌సైన్‌ వీయూ2ఆర్‌బీఐ. అండమాన్‌లో వాడినది వీయూ4ఆర్‌బీఐ. వీయూ4 అనే తొలి అక్షరాలు అండమాన్‌ నికోబార్‌ దీవులవి. ఏళ్ల తరబడి అక్కడి నుంచి ఎవరూ గాలిలోకి రాకపోవడంతో ప్రపంచం నలుమూలల హామ్‌లు ఆ పిలుపుకోసం బారులు తీరారు. ఒక్కొక్కరితో కొన్ని క్షణాలే మాట. కాల్‌సైన్‌, సంకేత బలం ఇచ్చిపుచ్చుకోవడం, చిట్టాలో పద్దు, తరువాతివారు. ఇది అసలు ఆటవిడుపు వ్యాపకమే.

డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు భూమి కంపించింది. ఆ తరువాత సముద్రం విరుచుకుపడింది. టెలిఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి ఆ బృందమే అత్యవసర సమాచార కేంద్రంగా మారింది. పోర్టుబ్లెయిర్‌ నుంచి, అటుపై కార్‌ నికోబార్‌ నుంచి క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేరవేశారు. నిన్నటిదాకా దూరదేశాల లెక్క రాసుకున్న చేతులే ఆ రోజు బతికి ఉన్నవారి కబురు రాసుకున్నాయి. పరికరం మారలేదు, మనుషులు మారలేదు. మారినది పద్దులోని బరువు మాత్రమే. వేలాది మామూలు పద్దులు రాసి చేయి తిరిగినవారే అటువంటి రోజున తడబడకుండా రాయగలరు.

పద్దులో ఏముండాలి

బిట్రగుంట వంటి రైల్వే ఊరికి ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. స్టేషన్‌ మాస్టరు పక్క స్టేషను నుంచి లైన్‌ క్లియర్‌ తీసుకున్న నిమిషం, ఇచ్చిపుచ్చుకున్న ప్రైవేటు నంబరు రిజిస్టరులో ఎక్కుతాయి. రైలు క్షేమంగా పోతే ఆ రిజిస్టరును ఎవరూ తిరగేయరు. ఏదైనా జరిగితే మొదట అడిగేది అదే. హామ్‌ చిట్టా స్వభావమూ ఇదే.

మామూలు పద్దులో తేదీ, వేళ, అవతలివారి కాల్‌సైన్‌, ఫ్రీక్వెన్సీ, సంభాషణ పద్ధతి, ఇరువైపులా వినిపించిన బలం, పేరు, ఊరు, క్లుప్తంగా విషయం ఉంటాయి. బలాన్ని అంకెల్లో చెబుతారు. మాటల్లో అయితే 59 అంటే స్పష్టంగా, బలంగా వినిపించినట్లు. మోర్స్‌లో స్వరపు నాణ్యతకు మూడో అంకె చేరి 599 అవుతుంది. అందరికీ 59 ఇచ్చేయడం మర్యాదగా మారిపోయిన మాట నిజమే గానీ, తుపాను వేళ ఆ మర్యాద పనికిరాదు. 33గా వినిపించిన కేంద్రానికి 59 అని రాస్తే, ఆ కేంద్రం ద్వారా సందేశం పంపవచ్చునని తరువాతి షిఫ్టులోని వ్యక్తి నమ్మి మోసపోతాడు.

కాల్‌సైన్‌ వినడంలోనూ జాగ్రత్త అవసరం. ఇంగ్లిషు అక్షరాలైన బీ, డీ, పీ, టీ, వీ రేడియో గరగరలో ఒకేలా వినిపిస్తాయి. అందుకే వీయూ2ఆర్‌బీఐ అనే బదులు విక్టర్‌, యూనిఫాం, టూ, రోమియో, బ్రావో, ఇండియా అని పలుకుతారు. కంప్యూటరు ప్రోగ్రాములో కాల్‌సైన్‌ టైపు చేయగానే అది ఏ దేశానిదో, ఏరియల్‌ ఏ దిక్కుకు తిప్పాలో, ఇదివరకు ఎన్నడైనా మాట్లాడామో వెంటనే కనిపిస్తుంది. నిజానికి ఆ కనిపించడమే ఒక తనిఖీ. నెల్లూరు వ్యక్తితో మాట్లాడుతూ ఉండగా తెరమీద వేరే ఖండపు దేశం పేరు పడితే ఏదో అక్షరం తప్పు విన్నామన్నమాట.

ఐదున్నర గంటల తిరకాసు

కొత్తవారు ఎక్కువగా బోల్తాపడేది గడియారం దగ్గర. ప్రపంచమంతటా హామ్‌ చిట్టాలు అంతర్జాతీయ సమన్వయ కాలంలో, అంటే యూటీసీలో రాయడం ఆనవాయితీ. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 10 గంటలకు మాట్లాడితే 4.30 అని రాయాలి. చిక్కు గంటల్లో కన్నా తేదీలో ఎక్కువ. ఇక్కడ జనవరి 1వ తేదీ ఉదయం 5 గంటలైతే చిట్టాలో అది డిసెంబరు 31 రాత్రి 11.30. తేదీయే కాదు, సంవత్సరమూ వెనక్కి పోతుంది. కావలి తుపాను వంటిది అర్ధరాత్రి దాటాక తీరం తాకితే, తెల్లవారుజామున 2 గంటలకు పంపిన సందేశం మన క్యాలెండరులో 9వ తేదీది, చిట్టాలో 8వ తేదీ రాత్రి 8.30ది. రెవెన్యూ కార్యాలయపు రిజిస్టరుతో సరిపోల్చేవారికి ఈ సంగతి తెలియకపోతే ఒకే సందేశం రెండు రోజులవిగా కనిపిస్తుంది. ఆ కారణంగా అత్యవసర వేళల్లో రెండు వేళలూ పక్కపక్కన రాసుకోవడం మేలు.

ప్రోగ్రాము ఈ లెక్కను తనంతట తానే చేస్తుంది. షరతు ఒక్కటే. కంప్యూటరులో దేశకాలం సరిగ్గా అమర్చి ఉండాలి. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటరు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏవో పాత తేదీలకు వెళ్లిపోతుంది. ప్రోగ్రాము దానినే నమ్మి పద్దులు రాస్తుంది. ఇంటర్నెట్‌ ఉన్నప్పుడు గడియారం సరిచేసుకొని, లేనప్పుడు చేతి గడియారంతో పోల్చుకొని మొదలుపెట్టడం పాతవారి అలవాటు.

మండలం నడుమ గీత

హామ్‌లు తామున్న చోటును చెప్పడానికి భూగోళాన్ని గడులుగా విభజించిన మెయిడెన్‌హెడ్‌ పద్ధతి వాడతారు. ఒక్కో గడి రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం. రెండు అక్షరాలు, రెండు అంకెలతో దానికి పేరు. ఈ లెక్కలో బోగోలు ఎంకే94 గడిలో పడుతుంది. ఆసక్తికరమైన సంగతేమంటే, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం బిట్రగుంటకు కొద్ది తూర్పుగా సాగుతుంది. ఆ గీత దాటి సముద్రం వైపు వెళ్తే గడి మారి ఎన్‌కే04 అవుతుంది. జువ్వలదిన్నె తీరం ఆ రెండో గడిలోనిది.

దీనికి చిట్టాతో పని ఉన్నది. చాలా ప్రోగ్రాముల్లో సొంత కేంద్రపు గడి పేరును మొదటిరోజే నింపుతారు. ఆ తరువాత ప్రతి పద్దుకూ అదే తానుగా చేరిపోతుంది. ఇంట్లోని ల్యాప్‌టాప్‌ను చేపలరేవు దగ్గరకు తీసుకుపోయి అక్కడి నుంచి మాట్లాడితే, సెట్టింగు మార్చనంతవరకు ఊళ్లో కూర్చున్నట్లే నమోదవుతుంది. సరదా సంభాషణలో ఇది చిన్న పొరపాటు. పడవ జాడ వెతుకుతున్నప్పుడో, నీళ్లు చుట్టుముట్టిన చోటు చెబుతున్నప్పుడో చిన్నది కాదు. ఏ చోటు నుంచి పలుకుతున్నామో విషయం గడిలో ఊరి పేరుతో సహా రాయడం అవసరం. ఊరి పేరు ఎవరికైనా అర్థమవుతుంది, గడి పేరు హామ్‌లకే అర్థమవుతుంది.

ఏ ప్రోగ్రాము మంచిది

ఈ ప్రశ్నకు హామ్‌లు గంటలు వాదించగలరు. పోటీలకు ఎన్‌1ఎంఎం లాగర్‌ పేరుపొందింది. ఒకే కేంద్రాన్ని ఒకే బ్యాండులో రెండోసారి పిలవబోతే వెంటనే హెచ్చరిస్తుంది. రోజువారీ చిట్టాకు లాగర్‌32, లాగ్‌4ఓఎం, లినక్స్‌ వాడేవారికి సీక్యూఆర్‌లాగ్‌ ఉన్నాయి. పైన చెప్పిన నాలుగూ ఉచితమే. రేడియోకు, కంప్యూటరుకు కేబులు కలిపితే ఫ్రీక్వెన్సీ తానుగా పద్దులోకి వస్తుంది. కొత్తవారికి తక్కువ గడులున్న, సాదా తెరనిచ్చే ప్రోగ్రామే నయం. ముప్పై గడులు చూపే తెర ముందు కూర్చుంటే మాట వినడం పక్కకుపోయి మౌసు కదపడమే పని అవుతుంది.

ఎఫ్‌టీ8 అనే పద్ధతి గురించి ఒక మాట. నోబెల్‌ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త జో టేలర్‌, ఆయన సహచరులు 2017లో దీనిని ప్రవేశపెట్టారు. పదిహేను సెకన్ల వంతులుగా కంప్యూటర్లే పరస్పరం మాట్లాడుకుంటాయి, చెవికి అందని బలహీన సంకేతాన్ని సైతం పట్టుకుంటాయి. సంభాషణ ముగియగానే పద్దు సిద్ధం. మనిషి చేయవలసింది ఒప్పుకోలు మీట నొక్కడమే. చిట్టాలు వేగంగా నిండుతున్నాయి, నిజమే. కానీ సొంతమాట రాయాలంటే ఒక్క విడతకు పదమూడు అక్షరాలకు మించి పట్టదు. ఎంతమందికి పడవలు కావాలో, ఏ పాఠశాలలో ఎందరు తలదాచుకున్నారో దీనితో చెప్పలేము. రాత్రంతా ఎఫ్‌టీ8లో పద్దులు పోగేసినవాడికి సందేశం విని రాసుకొనే నేర్పు వచ్చినట్లు కాదు.

ఆపద వేళ చిట్టా వేరు

విపత్తు సందేశానికి పద్దు ఇంకొంచెం పెద్దది. సందేశం వరుస సంఖ్య, ఎవరు పంపారు, ఎవరికి, ఎంత అత్యవసరం, ఎన్ని మాటలు, యథాతథంగా పాఠం, అందినట్లు అవతలివారు ఒప్పుకొన్న వేళ ఉండాలి. చివరిది లేకపోతే పంపినట్లే గానీ చేరినట్లు కాదు. మాటల లెక్క ఎందుకంటే, ఇరవై మాటలు పంపితే పద్దెనిమిదే వచ్చాయని అవతలివారు అక్కడికక్కడే పట్టుకోగలరు. అంకెలను విడివిడిగా పలికి తిరిగి చెప్పించుకోవాలి. ఇంగ్లిషులో పదమూడు, ముప్పై గాలిలో ఒకటిగా వినిపిస్తాయి. పదమూడు మందికి పంపిన పొట్లాలు ముప్పై మందికి చాలవు.

పంపినవారి హోదా రాయడానికి చట్టపరమైన కారణమూ ఉన్నది. 1978 నాటి భారత అమెచ్యూర్‌ సర్వీసు నిబంధనల ప్రకారం మామూలు రోజుల్లో మూడో వ్యక్తి సందేశాలు చేరవేయడం కూడదు. భూకంపం, వరద, తుపాను వంటి విపత్తులకు మినహాయింపు ఇచ్చారు. అప్పుడు సైతం ఆ సందేశాలు కలెక్టరు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి నుంచి వెలువడాలి, అటువంటివారికే చేరాలి. అందువల్ల మండల కార్యాలయంలో కూర్చున్న హామ్‌ ఏ అధికారి చెప్పగా పంపాడో చిట్టాలో లేకపోతే, చేసిన మేలుకు తరువాత సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది? రెండు మూడు గంటలు. అందుచేత పెన్సిలు, పుస్తకం తప్పవు. పెన్ను సిరా తడికి పాకుతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది. కరెంటు వచ్చాక పుస్తకంలోని పద్దులను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు ఒక ఉచ్చు ఉన్నది. ప్రోగ్రాము ఎప్పుడూ ఇప్పటి వేళనే నింపబోతుంది. దానిని చెరిపి, మాట్లాడిన నాటి వేళను టైపు చేయాలి. ఇది మరిస్తే రాత్రి 2 గంటల సందేశాలన్నీ మరునాటి సాయంత్రం పంపినట్లు తేలుతాయి.

క్షేమ సమాచారాల్లో మనుషుల పేర్లు, గాయాలు, చిరునామాలు ఉంటాయి. మామూలు పద్దులతో కలిపి వాటిని ఇంటర్నెట్‌ చిట్టాల్లోకి పంపకూడదు. విపత్తు సందేశాలకు వేరే ఫైలు తెరవడమే దీనికి మందు.

ఇరువైపులా ఒకటైతేనే

మాట్లాడిన దానికి రుజువుగా హామ్‌లు పూర్వం నుంచీ తపాలాలో కార్డులు పంపుకుంటారు. వాటిని క్యూఎస్‌ఎల్‌ కార్డులంటారు. 2003లో అమెరికా హామ్‌ల సంఘం లాగ్‌బుక్‌ ఆఫ్‌ ది వరల్డ్‌ అనే కంప్యూటరు ఏర్పాటు ఆరంభించింది. ఇరువురూ తమ చిట్టాలను పంపుతారు. కాల్‌సైన్లు, బ్యాండు, పద్ధతి కలిసి, వేళల తేడా అరగంటకు మించకపోతే సంభాషణ ధ్రువపడినట్లు. యూటీసీకి బదులు మన వేళ రాసినవారికి తేడా ఐదున్నర గంటలు కనుక ఒక్క పద్దూ కలవదు. వంద దేశాలు, దీవులతో మాట్లాడినట్లు రుజువు చూపి ధ్రువపత్రం పొందాలనుకొనేవారికి ఇది ఏళ్ల శ్రమ వృథా అయినట్లే. వరుసగా ఒక్క పద్దూ ధ్రువపడకపోతే మొదట చూడవలసింది గడియారమే.

ప్రోగ్రాముల నడుమ చిట్టాలు మార్చుకోవడానికి ఏడీఐఎఫ్‌ అనే ఉమ్మడి రూపం 1996 నుంచి వాడుకలో ఉన్నది. ఇది మామూలు పాఠపు ఫైలే. ప్రతి అంశానికీ ముందు దాని పేరు, అందులోని అక్షరాల సంఖ్య, ఆ తరువాత అసలు విషయం. ఆరు అక్షరాల కాల్‌సైన్‌ ముందు 6 అని ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కాల్‌సైన్‌కు ఒక అక్షరం చేర్చి, పక్క అంకెను 7గా మార్చడం మరిస్తే ప్రోగ్రాము చివరి అక్షరాన్ని కోసేస్తుంది. చేతితో దిద్దే ముందు నకలు తీసిపెట్టుకోవాలి.

నకలు మాట వచ్చింది కనుక, 2024 మే నెలలో అదే అమెరికా సంఘపు కంప్యూటర్లపై సైబర్‌ దాడి జరిగింది. లాగ్‌బుక్‌ ఆఫ్‌ ది వరల్డ్‌ జులై 1 వరకు పనిచేయలేదు. చిట్టా ప్రతిని ఇంట్లో ఉంచుకున్నవారు నిశ్చింతగా ఉన్నారు. పెన్‌డ్రైవులో ఒకటి, వేరే ఊళ్లోని బంధువుల ఇంట ఒకటి ఉంచడం తీరప్రాంతంలో అతిజాగ్రత్త అనిపించుకోదు. ఇంట్లోకి నీళ్లు వస్తే కంప్యూటరు, పక్కనే బల్లమీది పెన్‌డ్రైవు ఒకేసారి మునుగుతాయి.

పుస్తకం మానవచ్చునా

1978 నిబంధనలు చిట్టాను బైండు పుస్తకంలోనే రాయాలని, విడి కాగితాలు కూడవని, చివరి పద్దు తరువాత కనీసం 12 నెలలు భద్రపరచాలని కోరాయి. కంప్యూటరు ఇళ్లలోకి రాని కాలపు నియమమిది. విడి కాగితమైతే నడుమ నుంచి తీసివేయవచ్చు, కొత్తది చొప్పించవచ్చునన్నది దాని ఉద్దేశం. కంప్యూటరు పద్దును సైతం జాడ తెలియకుండా దిద్దవచ్చు గదా. అందుకే పలువురు కంప్యూటరులో రాస్తూనే పుస్తకమూ కొనసాగిస్తారు. ఎవరికి వారు తమ లైసెన్సు పత్రంలోని షరతులను చూసుకోవడం ఉత్తమం.

లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం. వినడానికి మాత్రం ప్రయత్నించవచ్చు, చిట్టా రాయడం అలవాటు చేసుకోవడానికి అదే చక్కటి దారి. 12 ఏళ్లు నిండినవారు కేంద్ర సమాచార మంత్రిత్వశాఖ నిర్వహించే పరీక్షకు అర్హులు. రిస్ట్రిక్టెడ్‌ శ్రేణికి రేడియో సూత్రాలు, నిబంధనలు చదివితే చాలు. కాల్‌సైన్‌ వీయూ3తో మొదలవుతుంది. జనరల్‌ శ్రేణికి నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్‌ పంపడం, అందుకోవడం రావాలి. వారికి వీయూ2. లైసెన్సు దరఖాస్తులను టెలికాం శాఖ సరళ్‌ సంచార్‌ పోర్టల్‌ ద్వారా స్వీకరిస్తున్నారు.